జ్వరపు మూర్ఛలు - మెదడు తరంగముల పరీక్ష

పసిబిడ్డకు జ్వరము హెచ్చి, కన్నులు తేలవేసి, కాలుసేతులు కొట్టుకొనునప్పుడు ఆ రెండు మూడు నిమిషములు తల్లికి యుగములవలె తోచును. బిడ్డ తేరుకొని ఇల్లు చేరిన పిదప ఆ భయమే మరియొక రూపము దాల్చును: ఇది ముందుముందు అపస్మారమగునా? మెదడుకు పరీక్ష చేయింపవలదా?

ఆ పరీక్షయే ఇ.ఇ.జి. జర్మనీలో యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మానవుని మెదడు విద్యుత్తరంగములను మొదటిసారి నమోదుచేసి, 1929లో ప్రకటించెను. తలపై చిన్న లోహపు బిళ్లల నంటించి ఆ తరంగములను గీతలుగా గ్రహింతురు. మెదడుకు కరెంటు పెట్టుదురని కొందరు జంకుదురు గాని అది నిజము కాదు; నొప్పియు లేదు.

అయినను తల్లి అడిగిన ప్రశ్నకు ఈ గీతలు బదులు చెప్పలేవు. 6 నెలలు మొదలు 5 ఏండ్ల లోపు పిల్లలలో నూటికి 2 నుండి 5గురికి జ్వరపు మూర్ఛ వచ్చును. ఒడలంతయు ఒక్కసారిగా బిగిసి కొట్టుకొని, 15 నిమిషముల లోపున ఆగి, 24 గంటలలో మరల రానిదానిని సామాన్యమైనదందురు. ఇట్టి బిడ్డలలో మిక్కిలి పెద్దపాలు ఎన్నడును అపస్మారరోగులు కారు. మూర్ఛ వచ్చిన కొన్ని దినములవరకు తరంగములు మందగించి కనబడవచ్చును. అది రోగచిహ్నము కాదు. ఏనాడును మూర్ఛ యెరుగని పిల్లలలో సైతము కొందరికి వికృతమైన గీతలు కానవచ్చును. అందుచేతనే అమెరికా శిశువైద్యుల అకాడమీ 1996లోను, మరల 2011లోను, సామాన్యపు మూర్ఛ వచ్చిన ఆరోగ్యవంతుడగు బిడ్డకు ఈ పరీక్ష చేయవలదనెను. పరీక్ష చేసినచో నష్టమేమి యందురేమో! గీత వంకరగా నున్నదని యేండ్ల తరబడి మాత్రలు మ్రింగించుటయే ఆ నష్టము. ఫినోబార్బిటోన్ వంటి మందు పిల్లల నడవడిని, నేర్పును చెరుపగలదు.

మూర్ఛ ఒక ప్రక్కనే వచ్చినను, చాలసేపు నిలిచినను, జ్వరము లేకయే వచ్చినను, బిడ్డ నడకమాటలలో వెనుకబడియున్నను సంగతి వేరు. అప్పుడు వైద్యుడు ఈ పరీక్షను కోరవచ్చును, కాదనరాదు.

మొదట వెదకవలసినది జ్వరకారణము. మెడ బిగిసినను, మగత వీడకున్నను, వాంతులు ఆగకున్నను మెదడుపొరల వాపును శంకింపవలెను. ఏడాది నిండని బిడ్డలో ఈ గురుతులు స్పష్టముగా నుండవు. వైద్యుడు వెన్నునీరు తీయవలెనన్నచో అడ్డుపడకుడు.

ఇక ఇంటిలో చేయదగినది స్వల్పమే. బిడ్డను ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. నోటిలో చెంచా గాని నీరు గాని పెట్టవలదు. చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన ఫలములేదు; వాతలు పెట్టుట క్రూరము. గడియారము చూడుడు. 5 నిమిషములు దాటినచో వెంటనే ఆసుపత్రికి చేర్పుడు. ఏ చేయి ముందు కదలెనో, ఎంతసేపు కొట్టుకొనెనో వైద్యునికి చెప్పుడు. ఈ వివరము ఇ.ఇ.జి. కాగితముకంటె ఆయనకు ఎక్కువ పనికివచ్చును.

ఒకసారి వచ్చిన పిల్లలలో మువ్వురికొకరికి మరల రావచ్చును. పారాసిటమాల్ జ్వరబాధను తగ్గించును గాని, మూర్ఛ మరల రాకుండ ఆపజాలదు.