చెరువు నీటి పులుపు



ఏ పని తలపెట్టినను ముందుగా విఘ్నేశ్వరునకు కొబ్బరికాయ కొట్టుట మా ఐనవిల్లి ఆచారము. రొయ్యల చెరువునకు సున్నము చల్లుటకు ముందును చేయవలసిన పని యొకటి కలదు. అది తెలియక నేనొక పంట పోగొట్టుకొంటిని. మీకట్టి నష్టము రాకుండుటకై ఈ నాలుగు మాటలు.

నీటి పులుపును పి.హెచ్. అను కొలతతో గుర్తింతురు. ఈ కొలతను 1909లో సోరెన్‌సెన్ అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఏర్పరచెను. 7 సమము, అంతకు తగ్గినది పులుపు, హెచ్చినది క్షారము. ఒక్క అంకె మారినచో పదిరెట్ల భేదము. రొయ్యలకు 7.5 మొదలు 8.5 వఱకు హితము.

కాట్రేనికోన దెస నేను కౌలునకు తీసికొనిన ఉప్పునీటి చెరువులో ఒకనాడు తెల్లవారుజామున 7.2 కనబడెను. భయపడి, ఒకరి మాట నమ్మి, ఆ పూటనే కాల్చిన సున్నము బస్తాలకొలది చల్లించితిని. మధ్యాహ్నమునకు అంకె 9 దాటెను. మిగిలిన మేత కుళ్లుటచే పుట్టు అమ్మోనియా, పి.హెచ్. పెరిగినకొలది విషమగును. మఱునాటి యుదయమునకు రొయ్యలు గట్టువెంబడి చచ్చి పడియున్నవి. మా అమ్మాయి పెండ్లి ఆ యేడు నిలిచిపోయెను.

నా తప్పేమి? రాత్రివేళ రొయ్యలు, పాచి, అడుగు బురదలోని సూక్ష్మజీవులు అన్నియు ఊపిరి విడుచును. ఆ ఊపిరిలోనిది బొగ్గుపులుసు గాలి. పేరులోనే పులుపు కలదు. అది నీట కరిగి తెల్లవారుసరికి అంకెను దించును. ఎండ రాగానే పాచి దానిని ఆహారముగా గ్రహించును. అంకె తానే పైకి పోవును. పోవుచున్నదానిని నేను మఱింత తఱిమితిని.

కావున తెల్లవారుజామున ఒకమారు, మధ్యాహ్నము మూడు గంటలకు ఒకమారు కొలువవలెను. ఉదయపు నీరు ఒక బకెట్టెడు తెచ్చి, ఆరుబయట నీడను, గంటసేపు చెంబుతో ఎత్తి పోయుచుండవలెను. అంకె పెరిగినచో దోషము ఊపిరిది; ఏరియేటర్లు త్రిప్పుడు, మేత తగ్గించుడు, అడుగు మురికి తీయించుడు. పెరుగనిచో నీటిలో క్షారసారము తక్కువయి యుండును. దానిని పరీక్ష చేయించి, లీటరునకు 100 మిల్లీగ్రాములకు తక్కువైనచో సున్నపురాతి పొడినో డోలమైటునో కొద్దికొద్దిగా చల్లుడు. ఇవి మెల్లగా పనిచేయును. కాల్చిన సున్నము పంటకు ముందు ఎండగట్టిన చెరువునకే తగును.

పట్టణములలో అద్దపు తొట్లయందు ఉప్పునీటిలో పగడపు జీవులను పెంచువారికిని ఇదే చిక్కు. తలుపులు మూసిన గదిలో మనుష్యుల ఊపిరి నీట చేరి అంకె దిగును. తెలిసినవారు మందు పోయుటకు ముందు కిటికీ తెఱచి చూతురు. మన చెరువునకు ఏరియేటరే కిటికీ.

మీ యింటి పడుచువారికి ఈ మాట చెప్పుడు: రెండు పూటలు కొలువక సున్నపు బస్తా మూతి విప్పరాదు. సెలవు.