ఒకే కప్పు కింద రెండు బడులు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లల్లో ఒకటే ప్రశ్న. "పిల్లని ఏ గ్రూపులో వేస్తున్నారు?" అని. మనం వేయడమే తప్ప, ఆ పిల్ల ఎందులో చేరతానంటోందని అడిగేవాళ్లు తక్కువ. ఈ ఆలోచనలో ఉండగానే ఆమధ్య మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ ఒక పాత పుస్తకం తెచ్చింది. అక్కడ వాళ్లు ఇంటిముందు పాత సామాన్లు పెట్టి అమ్ముకుంటారు గదా, అందులో దొరికిందట. 1950ల నాటి ఒక హైస్కూలు ఇయర్‌బుక్కు అది. నా ఇంగ్లీషు మెట్రిక్ ఇంగ్లీషే. అయినా బొమ్మలకు భాషతో పనేముంది? మధ్యాహ్నం వంటింటి పని తీరాక కూచుని తిరగేశాను.

మొదటి పేజీల్లో మనకు తెలిసిన బడే ఉంది. ఇంగ్లీషు శాఖ, లెక్కల శాఖ, సైన్సు శాఖ, చరిత్రా పౌరశాస్త్రమూ చెప్పే సాంఘిక శాస్త్ర శాఖ, లాటిను, ఫ్రెంచి, స్పానిషు చెప్పే భాషల శాఖ. నాలుగు పేజీలు తిప్పేసరికి అదే బడిలో వరసగా టైపు మిషన్ల ముందు కూచున్న ఆడపిల్లలు! ఆ పక్క పేజీలో చిత్రిక పడుతున్న కుర్రాళ్లు, లేతు మిషను తిప్పుతున్నవాళ్లు, కారు కింద దూరి పడుకున్నవాళ్లు. మరో పేజీలో గ్యాస్ పొయ్యిలు, కుట్టుమిషన్లు, ఏప్రన్లు కట్టుకున్న అమ్మాయిలు. ఇది బడా, కార్ఖానానా, మన వంటిల్లా అనిపించింది. ఆ ఆశ్చర్యంతోనే ఈ సంగతులు కొంత చదివాను, తెలిసినవారిని అడిగి తెలుసుకున్నాను. అవే మీతో పంచుకుందామని వచ్చాను.

1900 ప్రాంతంలో అమెరికాలో పదిహేడేళ్ల పిల్లలు నూరుమంది ఉంటే హైస్కూలు పూర్తిచేసేవాళ్లు ఆరుగురే. 1940 నాటికి సుమారు సగం మంది పూర్తిచేయసాగారు. రైతుబిడ్డా, మిల్లు కూలీ బిడ్డా, డాక్టరుగారి బిడ్డా అందరూ బడికి వచ్చారు. అందరూ కాలేజీకి పోరు. మరి వారికి బడి ఏమివ్వాలి? ఐరోపాలో చాలా దేశాలు కాలేజీకి పోయేవారికి ఒక బడీ, పనిలోకి పోయేవారికి వేరే బడీ పెట్టాయి. అమెరికావారు ఎక్కువ ఊళ్లల్లో ఇద్దర్నీ ఒకే కప్పు కింద ఉంచారు. ఇటువంటి దాన్నే సమగ్ర ఉన్నత పాఠశాల అన్నారు.

1917లో స్మిత్-హ్యూస్ చట్టం వచ్చింది. వ్యవసాయం, చేతిపనులూ పరిశ్రమలూ, గృహశాస్త్రం నేర్పడానికి ఢిల్లీ వంటి వాళ్ల కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. ఊరికే ఇవ్వలేదు సుమా! పనులు నేర్పే బడుల్లో బోధనకాలంలో కనీసం సగం నిజమైన పని మీదే గడపాలన్నారు. వ్యవసాయం చదివే పిల్లవాడు ఏడాదికి కనీసం ఆరునెలలు, బడివారి పొలంలోనో మరో పొలంలోనో, పర్యవేక్షణలో సాగు చేయాలన్నారు. అంటే పుస్తకంలో నాగలి బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటే చాలదన్నమాట.

వాణిజ్య శాఖలో టైపు, షార్ట్‌హ్యాండు, బుక్‌కీపింగ్ నేర్పేవారు. ఆ పిల్ల పట్టా పుచ్చుకుని నేరుగా ఆఫీసు మెట్లెక్కేది. ఎంతమంది తల్లుల గుండెల మీద కుంపటి దింపిందో ఆ టైపు మిషను!

ఇక గృహశాస్త్రం. దీనికి పునాది వేసినవారిలో ముఖ్యురాలు ఎలెన్ స్వాలో రిచర్డ్స్ అనే ఆవిడ. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1873లో పట్టా పొందిన మొట్టమొదటి స్త్రీ. తాగేనీటిని పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త. మనం తాగే నీరూ, తినే తిండీ, పీల్చే గాలీ శాస్త్రంతో చూడవలసినవని ఆవిడ పట్టు. ఇల్లు దిద్దుకోవడం కూడా ఒక విద్యేనని ఒప్పించడం చిన్న సంగతా? పొద్దున లేస్తే ఎసట్లో నీళ్లెన్ని, బియ్యమెన్ని అని లెక్క చూసుకునే మనకు ఆవిడ మాట కొత్త కాదు.

రోజు ఎలా నడిచేదంటే, ఏడాది పాటు ఒక పాఠం పూర్తిచేస్తే ఒక యూనిట్టు. ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రం, వ్యాయామం వంటివి తప్పనిసరి. తక్కినవి ఎంచుకోవాలి. పొద్దున హాజరుకు అందరూ ఒకే గదిలో కూచునేవారు. ఒకే బ్యాండు, ఒకే ఫుట్‌బాలు జట్టు, ఒకే భోజనాల హాలు. కానీ గంట కొట్టగానే కొందరు బీజగణితం గదికీ, కొందరు వడ్రంగం షెడ్డుకూ వెళ్లేవారు. కప్పు ఒకటే, లోపల బడులు రెండు.

1957 అక్టోబరులో రష్యావారు స్పుత్నిక్ ఎగరేశారు. అమెరికాలో గగ్గోలు పుట్టింది. మన పిల్లలకు లెక్కలూ సైన్సూ చాలటం లేదన్నారు. మరుసటి ఏడే జాతీయ రక్షణ విద్యా చట్టం చేసి లెక్కలకూ, సైన్సుకూ, విదేశీ భాషలకూ డబ్బు కుమ్మరించారు. హార్వర్డు విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా చేసిన జేమ్స్ కోనంట్ 1959లో హైస్కూళ్ల మీద ఒక పుస్తకం అచ్చువేశారు. ఆయన ఒకే కప్పును సమర్థించారు. అందరికీ నాలుగేళ్లు ఇంగ్లీషు ఉండాలన్నారు. చేతిపనుల శాఖలూ ఉండాలన్నారు. కానీ పిల్లల మీద 'కాలేజీ రకం', 'పని రకం' అని చీటీ అంటించవద్దన్నారు. ఎవరి పాఠాలు వారికి విడిగా అమర్చాలి, హాజరు గదిలో మాత్రం అన్నిరకాల పిల్లలూ కలిసి ఉండాలన్నారు. చక్కని మాట.

మాట చక్కనిదే. మరి ఏ పిల్ల ఏ గదికి వెళ్లాలో ఎవరు చెప్పేవారు? పిల్లలే ఎంచుకోవాలని కాగితం మీద ఉంది. నిజంలో పరీక్షలు పెట్టి బుద్ధి కొలిచేవారు, సలహా చెప్పే కౌన్సెలర్లు ఉండేవారు. ఆ సలహాలో మార్కులతో పాటు ఒంటిరంగూ, తండ్రి ఉద్యోగమూ కూడా కలిసేవి. నల్లవారి నాయకుడుగా పేరుపొందిన మాల్కం ఎక్స్ తన ఆత్మకథలో ఒక సంగతి చెప్పుకున్నాడు. ఎనిమిదో తరగతిలో బాగా చదివేవాడు, అంతకుముందు ఏడో తరగతిలో తరగతికి నాయకుడు కూడా. లాయరు కావాలని ఉందంటే, అది నీకు కుదరదు, వడ్రంగం చేసుకో అని మాస్టారు సలహా చెప్పారట. తనకన్నా తక్కువ మార్కుల తెల్లపిల్లలకు మాత్రం ప్రోత్సాహమే దొరికిందట. ఆ తరగతితోనే అతని బడి ముగిసింది. వడ్రంగం తక్కువ పని కాదు. కానీ వద్దన్న తలుపు మూసి, ఉన్న తలుపు చూపిస్తే అది సలహా అవుతుందా?

1968 మార్చిలో లాస్ ఏంజెలెస్ తూర్పు పేటల్లో మెక్సికన్ సంతతి పిల్లలు వేలాదిమంది తరగతులు విడిచి వీధిలోకి వచ్చారు. మమ్మల్ని కాలేజీ చదువుకు కాక చేతిపనులకే తోస్తున్నారన్నది వారి ఫిర్యాదుల్లో ఒకటి. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలా బళ్లల్లో కారు షెడ్డు మగపిల్లలకే, పొయ్యిగది ఆడపిల్లలకే. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చి, దాని నియమాలు 1975లో వెలువడ్డాకగాని అలా వేరుచేయడం చట్టవిరుద్ధం కాలేదు.

ఈ గాలి మనదాకా వీచింది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ కమిషన్‌లో ఒక అమెరికన్ సభ్యుడు కూడా ఉన్నారు. ఆ కమిషన్ బహుళార్థసాధక పాఠశాలలు పెట్టమంది. సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహశాస్త్రం వగైరా ఏడు శాఖలు చెప్పింది. మల్టీపర్పస్ హైస్కూలు అన్న బోర్డు మీ ఊళ్లోనూ చూసే ఉంటారు. పనిముట్లూ, నేర్పేవారూ చాలక చాలాచోట్ల బోర్డు మిగిలింది, పని మిగల్లేదు.

ఇదంతా నాకెందుకు పట్టిందంటారా? నేను మెట్రిక్ పాసైనప్పుడు లెక్కల్లో మంచి మార్కులొచ్చాయి. మా ఇంటికొచ్చిన ఒక పెద్దమనిషి, "ఆడపిల్లకి ఇంక లెక్కలెందుకండీ, కుట్టు నేర్పించండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు. నాన్నగారు సరేనన్నారు. అమ్మ ఊరుకుంది. ఆయన మాట అబద్ధం కాలేదు. మావారికి జీతం సరిగ్గా రాని రెండేళ్లు ఆ మిషనే మా ఇల్లు నడిపింది. అంచేత కుట్టును నేను ఒక్కనాడూ తిట్టుకోలేదు. జాకెట్టు కత్తిరించడంలో ఎంత లెక్క ఉందో కత్తిరించినవాళ్లకే తెలుసు. కానీ ఆరోజు ముగ్గురు పెద్దలు నా గురించి మాట్లాడుకున్నారు. గుమ్మం పక్కన నుంచున్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే నేనూ కుట్టే అనేదాన్నేమో. అడగలేదన్నదే మనసులో మిగిలిపోయింది.

కాబట్టి సోదరీమణులారా, చేతిపని నేర్చుకుంటానన్న కొడుకుని పరువు పోయిందని కసరకండి. లెక్కలు చదువుతానన్న కూతుర్ని ఎందుకని ఆపకండి. ఒక దారిలో వెళ్లాక రెండో దారికి మళ్లే వీలుందా లేదా అని చేర్చేముందే కనుక్కోండి. వీలు లేని దారి ఎంత బాగున్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

మా అమ్మాయి ఈ ఏడు పదో తరగతి. మొన్న ఆ ఇయర్‌బుక్కు దాని చేతికిచ్చాను. చూసి చూసి కారు షెడ్డు బొమ్మ దగ్గర ఆగి, "ఇందులో ఒక్క అమ్మాయీ లేదేమమ్మా?" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఇంకేదో కూడా వచ్చింది. "నీకేం చదవాలనుందే?" అని అడిగాను. "ఇంకా తెలీదమ్మా" అంది.

తెలీకపోతే ఫరవాలేదు. వేసవి సెలవులు ఉన్నాయి, మళ్లీ అడుగుతాను.