జ్వరమొస్తే డాక్టరుకు ఊరి సంగతి చెప్పుదాం



అంటురోగాల స్పెషలిస్టు కావాలంటే మన దేశంలో ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన డీఎం ఇంకో మూడేళ్లు చదవాలి. అంత చదివిన డాక్టరు కూడా జ్వరంతో పోయినవాళ్లను ముందుగా అడిగేది, "ఊరెళ్లి ఎప్పుడొచ్చారు?" అనే.

దానికి కారణముంది. మనమున్న యూఏఈలో మలేరియా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ప్రకటించింది. కానీ మన ఊళ్లలో ఇంకా ఉంది. అక్కడ కుట్టిన దోమ వల్ల వచ్చే వైవాక్స్ మలేరియా లివర్లో దాగి, నెలల తర్వాత ఇక్కడ బయటపడొచ్చు. మనం చెప్పకపోతే డాక్టరుకు ఆ అనుమానమే రాకపోవచ్చు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో చూసింది మన సికింద్రాబాద్‌లోనే!

మనలో చాలామంది పారాసిటమాల్ మింగి డ్యూటీకి పోతారు. పని పోతుందనే భయం ఉత్తది కాదు. అయినా రూములో పదిమందిమి పడుకునేచోట రెండు వారాలు దాటిన దగ్గును దాస్తే, అది టీబీ అయితే, పక్క బెడ్డువాడికీ అంటుతుంది.

అందుకే మూడు మాటలు తప్పక చెప్పుదాం: ఊరెళ్లొచ్చిన తేదీ, జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, ఏ మందులు వేసుకున్నాం. భాష రాకపోతే వచ్చినవాళ్లను తోడు తీసుకెళ్దాం. తోడు రమ్మని ఎవరడిగినా కాదనకుండా పోదాం.