కచేరీకి మూడు కెమెరాలు

మన భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్‌బాయి పాండవుల కథాగానమైన పండవానీ పాడుతుంటే, చేతిలో తంబూరా ఉన్నట్టుండి భీముడి గద అయ్యేది. అలాంటి క్షణం ఒక్క కెమెరాకు చిక్కదు. మూడు పెట్టండి. ఒకటి వేదికంతా చూపిస్తూ ఆగకుండా నడవాలి. మిగతావి ముఖానికీ, చేతులకూ. అన్నిట్లోనూ సెకనుకు 25 ఫ్రేములే.

రికార్డింగ్ మొదలవగానే మూడు కెమెరాలకూ కనబడేలా, వినబడేలా ఒక్క చప్పట కొట్టండి. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గరే మూడూ కలుస్తాయి. మధ్యలో ఎవరు ఆపినా మళ్లీ కలపడం తలనొప్పే.

ఇక మెమరీ కార్డులు. నిండినదాని మీద కెమెరా నంబరు రాసి విడిగా పెట్టండి. రెండు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ చేసి, తెరిచి చూశాకే ఫార్మాట్. మళ్లీ చెబుతున్నా, రెండు కాపీలు, ఆ తర్వాతే ఫార్మాట్. రెండో డిస్కు వేరే ఇంట్లో దాచండి.