ఒంటి గది ఇంటికీ, తరగతి గదికీ సూదిపని

(ఉగాది సమావేశములో మహిళా విభాగమువారి కోరికపై చేసిన ప్రసంగపాఠము)



నన్ను కుట్టుపనిని గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను దర్జీపని నేర్చినదానను కాను. తెలుగు మాధ్యమపు బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసికొన్నదానను. సున్నము రాలే బోసిగోడలను ఏళ్ళ తరబడి చూచి చూచి విసిగి, ఒకనాడు సూది చేతబట్టినాను. నా అర్హత అంతమాత్రమే. ఇక్కడ కూర్చున్న అక్కలలో నాకంటె చక్కగా కుట్టేవారు చాలమంది ఉన్నారు. నేను తప్పు చెపితే అక్కడనుండే దిద్దండి, కోపగించుకోను.

మొదట మన ఇండ్ల సంగతి. మనవారు నిజాము రాజ్యములోని తెలుగు పల్లెలనుండి కట్టుబడి పనులకు 18వ శతాబ్దము చివరి రోజులనుండే బొంబాయికి వచ్చినారు. ఆ కామాఠీలు దిగినచోటు గనుక అది కామాఠిపుర అయినది. ఈనాడు ఆ పేరు చెపితే ఊరివారి మనస్సుకు తోచేది వేరొకటి. అందుచేత మన పిల్లలు చిరునామా అడిగితే నాగ్‌పాడా అనో, గ్రాంట్ రోడ్డు అనో చెప్పి ఊరుకొంటారు. నేనూ చిన్నప్పుడు అట్లా చెప్పినదానినే. తరువాత బట్టల మిల్లులలో పనికి పద్మశాలీలు వచ్చి వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేలు వైపు చాళ్ళలో కాపురాలు పెట్టినారు. ఎక్కడ చూచినా ఒంటి గదే. 1920లలో కట్టిన వర్లీ బి.డి.డి. చాళ్ళలో గది 160 చదరపు అడుగులు. అందులోనే వంట, అందులోనే పడక, అందులోనే పెండ్లిచూపులు.

మా తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. రోజూ ఇంటిలెక్కలు చేయకుండా వచ్చేవాడు. తిట్టినాను, బయట నిలబెట్టినాను. ఒక సాయంత్రం వాళ్ళ గదికి పోయి చూస్తే ఏడుగురు మనుషులు, ఒక ట్రంకు పెట్టె, బియ్యపు డబ్బా. వాని పుస్తకాలు ఆ డబ్బా క్రింద ఉన్నవి. వానాకాలము గనుక అట్టలు చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకొని పోయినవి. వాళ్ళ అమ్మ చాయ్ ఇచ్చి, “ఎక్కడ పెట్టమంటవు టీచరమ్మా, నువ్వే చెప్పు” అన్నది. నాకు జవాబు దొరకలేదు. దొరకడానికి ఒక వారము పట్టింది. అదే జేబుల తెర.

దాని కొలతలు వ్రాసికొనండి. ముతక కోరా గుడ్డ 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు. పైన 3 అంగుళాలు వెనుకకు మడిచి కుడితే కర్ర దూరే గొట్టము అవుతుంది. ఇక ముందువైపు 33 అంగుళాలు మిగులుతుంది. జేబులకు మూడు పట్టీలు, ఒక్కొక్కటి 36 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు కత్తిరించండి. పై అంచు ఒకటిన్నర అంగుళము, క్రింది అంచు అర అంగుళము మడిస్తే ఎత్తు 8 అవుతుంది. ఒక వరుసకూ ఇంకొక వరుసకూ నడుమ 3 అంగుళాలు ఎడము వదలి కుట్టండి. పట్టీ తెరకంటె 6 అంగుళాలు ఎక్కువ గదా, ఆ ఎక్కువను మూడు జేబులకు రెండేసి అంగుళాల చొప్పున కుచ్చి పెట్టి పంచవలెను. ఈ కుచ్చి లేకపోతే జేబు చూడడానికి బాగుంటుంది గాని అందులో లావు పుస్తకము దూరదు. నా మొదటి తెర అట్లాగే అయినది. తొమ్మిది జేబులు, ఒక్కదానిలోనూ లెక్కల పుస్తకము పట్టదు! చుట్టూ పాత చీర అంచును గోటుగా వేస్తే పట్టీల చివరలు కూడా అందులో దాగిపోతవి.

కోరా గుడ్డను కత్తిరించక ముందు ఒక రాత్రి నీళ్ళలో నానవేసి ఆరవేయవలెను. ఈ మాట నాకెవ్వరూ చెప్పలేదు. ఒకసారి తరగతి కిటికీలకు తెరలు కుట్టి, తగిలించి, అందరిచేత మెప్పు పొంది, సెలవులలో ఉతికినాను. బడి తెరిచేనాటికి అవి ముడుచుకొని కిటికీకి జానెడు పైన నిలిచినవి. పిల్లలు వాటికి లాగులని పేరు పెట్టినారు.

తెరను గోడకు ఆనించి మేకులు కొట్టవద్దు. కర్రకు రెండు కొసల దారము కట్టి, ఒకే మేకుకు వేలాడదీస్తే వెనుక గాలి ఆడుతుంది. వానకాలపు చెమ్మ గోడనుండి గుడ్డకు, గుడ్డనుండి పుస్తకానికి ఎక్కదు. మా పిల్లవాని తెర తలుపు వెనుక వేలాడినది. వాడు మొదటి బహుమతులేమీ తేలేదు గాని, అటు తరువాత పుస్తకము ఎక్కడున్నదని మాత్రము వెదకలేదు.

గుడ్డకు డబ్బు పెట్టవలసిన అవసరము తక్కువ. అంచులు, లేసులు, గుండీలు కావలెనంటే భులేశ్వర్. థాను గుడ్డ కావలెనంటే మంగళదాస్ మార్కెట్టు. నేను పోయేది గల్లీ చివరనున్న దర్జీ దగ్గరికే. వారు చింది అని ఊడ్చి పారవేసే ముక్కలలో మనకు పనికివచ్చేవి సగమైనా ఉంటవి. ఒకప్పుడు మన ఇండ్లలో మిల్లు కట్ పీసులకు కొదవ ఉండేది కాదు. 1982 జనవరిలో మొదలైన సమ్మెతో ఆ మిల్లుల కథ దాదాపు ముగిసింది. నేసిన చేతులవారి మనుమరాండ్రము మనము ఈనాడు చింది ఏరుకొంటున్నాము. నవ్వు వస్తుంది, వెంటనే మరొకటీ వస్తుంది. పోనీయండి.

వంటగట్టు క్రింద గిన్నెలు కనబడకుండా తెర కావలెనని చాలమంది అడుగుతారు. కర్ర నాలుగు అడుగులైతే గుడ్డ ఆరు అడుగులు ఉండవలెను, అప్పుడే కుచ్చిళ్ళు వస్తవి. పాత నూలు చీర చాలు. నైలాను, పాలిస్టరు చీరలను మాత్రము పొయ్యి దరిదాపులకు రానీయకండి. నిప్పు తగిలితే అవి కరిగి ఒంటికి అంటుకొంటవి. నూలు చీర కూడా కాలుతుంది, కాబట్టి తెర గట్టుకు పైకి లేవకూడదు, పొయ్యి మంట ఉండే వైపు అసలే వద్దు. అటక మీది సామానుకు వేసే తెరకు ఈ బెడద లేదు, ఏ చీరైనా సరే.

ఇక బొంత. దీనిని నేను మీకు నేర్పడము తాతకు దగ్గులు నేర్పడమే. ఇక్కడి మరాఠీ ఇరుగుపొరుగువారు దీనినే గోధడి అంటారు. మధ్యాహ్నము గ్యాలరీలో చీరలు పరచి ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ కూర్చుంటే, ఆ కుట్టులో ఏది తెలుగో ఏది మరాఠీయో చెప్పడము కష్టము. బడికి నేను కుట్టించినది చిన్న బొంత, పిల్లలు క్రింద కూర్చోవడానికి. 18 అంగుళాల చదరము, నాలుగు పొరలు. ఐదున్నర మీటర్ల చీరలో లెక్క ప్రకారము ఆరు ఆసనాలు వస్తవి. చిరుగులు తీసివేస్తే నాలుగు వచ్చినా సంతోషించవలెను. పొరలన్నీ పరచి, నడుమనుండి మూలలకు పెద్ద పెద్ద టాకాలు వేసి పట్టించిన తరువాతనే అసలు సాదా కుట్టు మొదలుపెట్టండి. అంచునుండి మొదలుపెడితే గుడ్డ నడుమకు జరిగి ఉబ్బుతుంది. ఎర్ర చీరముక్క వేసేముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డపై అద్ది చూడండి. రంగు దిగితే దానిని వేరే పనికి ఉంచండి.

తరగతి గదిలో అన్నిటికంటె నేను ఇష్టపడి చేసినది అక్షరాల తెర. మన వర్ణమాలలో అక్షరాలు 56. అడ్డము ఎనిమిది, నిలువు ఏడు గళ్ళు గీస్తే సరిగ్గా సరిపోతవి. గడి 5 అంగుళాలు అనుకొంటే 40 అంగుళాల వెడల్పు, 35 అంగుళాల ఎత్తు. అంటే 45 అంగుళాల పన్నా గల గుడ్డ ఒక్క మీటరు తెస్తే చుట్టూ అంచుకు కూడా చోటు మిగులుతుంది. ఇంత చక్కగా కుదిరిన లెక్క నా జీవితములో ఇంకొకటి లేదు.

మొదట అక్షరాలను రంగుగుడ్డలో కత్తిరించి అతికించినాను. నాగరి అక్షరాలకు ఆ పద్ధతి బాగుంటుందేమో. మనవి గుండ్రనివి, వంపు వంపుకూ గుడ్డ పోగులు లేచినవి. అప్పుడు సన్నని నూలు నాడాను అక్షరము వ్రాసినట్లే వంచుకొంటూ పోయి, అడ్డముగా చిన్న చిన్న కుట్లతో అణచినాను. చేయి వ్రాసే దారినే నాడా పోతుంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపవలెనో పిల్లల వ్రేలికి తెలిసిపోతుంది. నాడా ఇరువది మీటర్లకు తక్కువ పట్టదు. తలకట్టుకు వేరే రంగు వాడినాను. ఌ, ౡ లను ఇప్పుడెవరూ వాడరు గనుక ఆ రెండు గళ్ళలో ఒక పిచ్చుకను, ఒక మామిడికాయను కుట్టినాను. వ్యాకరణము తెలిసిన పెద్దలు క్షమించవలెను. పిల్లలు ముందుగా ముట్టుకొనేది ఆ పిచ్చుకనే.

ముంబయి మునిసిపల్ కార్పొరేషనువారు బడులు నడిపే ఎనిమిది భాషలలో తెలుగు ఒకటి. కాని మన పిల్లలు ఇంగ్లీషు బడులకు పోతున్నారు, తెలుగు తరగతులలో బల్లలు ఖాళీ అయినవి. తల్లిదండ్రులను తప్పు పట్టను, నా కొడుకును నేను పంపినది ఇంగ్లీషు బడికే. వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. ఊరినుండి వచ్చిన శుభలేఖను నాచేత చదివించుకొంటాడు. టీచరు కొడుకని మీరు నవ్వవచ్చును. ఆ తెరను బడికి కుట్టినాను గాని, ఇంటికి కుట్టలేదు. ఇప్పుడు మనుమరాలికోసము కుడుతున్నాను. ‘ణ’ వరకు వచ్చినది.

2025 ఆగస్టులో వర్లీ చాళ్ళవారిలో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇండ్ల తాళాలు ఇచ్చినారు. మిగిలినవారూ ఎదురుచూస్తున్నారు, కామాఠిపురలోనూ ఆ మాటలే. సంతోషమే. అయితే ఇల్లు మారేటప్పుడు మొదట పారవేసేవి పాత బొంతలు, అమ్మల చీరలు. వాటిని దయచేసి చెత్తబండికి వేయకండి. ఉతికి, ఎండలో ఆరవేసి, మడతల నడుమ వేపాకు పెట్టి సంఘపు గదికి తెచ్చి ఇవ్వండి. వచ్చే ఆదివారము మధ్యాహ్నమునుండి అక్కడ కూర్చుంటాము. జేబుల తెరతో మొదలు. మగవారు కూడా రావచ్చును, మన తాతలు మగ్గము మీద కూర్చున్నవారే గదా. సూదులు, దారము, నాడా నేను తెస్తాను. కత్తెర మాత్రము ఎవరిది వారు తెచ్చుకొనండి. పోయినసారి నాది పోయినది, ఇంతవరకు తిరిగి రాలేదు.