ప్రశ్నించేవాడూ ప్రయోగంలో భాగమే



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు ప్రాక్టికల్ రికార్డు దిద్దేటప్పుడు ముందు ఫలితాల పేజీ తిప్పేవారు కారు. దేనితో దేన్ని పోల్చామో, ఎలా పోల్చామో చెప్పమనేవారు. మనోవిజ్ఞానంలో ప్రయోగ రూపకల్పన మొదలయ్యేది అక్కడే. అందుకే ఇవాళ దాని గురించే మాట్లాడదలచాను.

1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని ఊరంతా చెప్పుకున్నారు. యజమాని విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ లెక్కల పంతులుగా పనిచేసి రిటైరైనవాడు. ఎంతో ఓపికతో ఆ గుర్రానికి పాఠాలు చెప్పాడు. కూడికలు అడిగినా, భిన్నాలు అడిగినా, జవాబు ఎంతో అన్నిసార్లు అది గిట్టతో నేలను తట్టేది. చూడటానికి వచ్చినవాళ్ల దగ్గర ఆయన డబ్బు తీసుకోలేదు. ఆ సెప్టెంబరులో మనోవిజ్ఞాని కార్ల్ స్టుంఫ్ ఆధ్వర్యంలో 13 మందితో కూడిన సంఘం గుర్రాన్ని పరిశీలించింది. అందులో జంతువుల గురించి బాగా తెలిసినవాళ్లున్నారు, సర్కస్ నడిపే మనిషి కూడా ఉన్నాడు. మోసమేమీ లేదని వాళ్లు తేల్చారు. యజమాని పక్కన లేకపోయినా, వేరేవాళ్లు అడిగినా హాన్స్ సరైన జవాబే ఇచ్చింది మరి.

వాళ్లు చెప్పినదాంట్లో తప్పు లేదు. నిజంగానే ఎవరూ మోసం చేయలేదు. అయితే ఎవరైనా సైగ చేస్తున్నారా అన్నదే వాళ్లు వెతికారు. ఏ పరిస్థితిలో ఈ గుర్రానికి జవాబు రాకుండా పోతుందన్నది స్టుంఫ్ శిష్యుడు ఓస్కర్ ఫుంగ్‌స్ట్ అడిగాడు. నా దృష్టిలో ప్రయోగానికీ పరిశీలనకూ ఉన్న తేడా అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పరిశీలకుడు జరుగుతున్నదాన్ని చూస్తాడు. ప్రయోగకర్త ఒక్క విషయాన్ని తన చేత్తో మార్చి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఏం మారిందో చూస్తాడు. ఆ మార్చే విషయమే స్వతంత్ర చరం. దానివల్ల మారిందా లేదా అని కొలిచేది పరతంత్ర చరం.

ఫుంగ్‌స్ట్ మార్చినవి ముఖ్యంగా రెండు. ప్రశ్న వేసేవాడికి జవాబు తెలిసిన సందర్భాలనూ తెలియని సందర్భాలనూ పక్కపక్కన పెట్టాడు. అడిగే మనిషి గుర్రానికి కనబడేట్టు కొన్నిసార్లు, కనబడకుండా కొన్నిసార్లు ప్రశ్నలు వేయించాడు. అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు హాన్స్‌కూ తెలియలేదు. మనిషి కంటికి ఆనకపోతే దాని లెక్కలు దాదాపు అన్నీ తప్పాయి. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ప్రశ్న వేశాక మనిషి తల కాస్త ముందుకు వంగుతుంది. సరైన సంఖ్య రాగానే తనకు తెలియకుండానే తల లవలేశం పైకి లేస్తుంది. గుర్రం తట్టడం ఆపేది ఆ కదలికను చూసే.

ఆయన అక్కడితో ఆగలేదు. ప్రయోగశాలలో తానే గుర్రం స్థానంలో నిలబడ్డాడు. ఎదుటివాళ్లు మనసులో ఒక సంఖ్య అనుకుంటే, వాళ్ల తల కదలికను బట్టి అది ఎంతో తాను తట్టి చెప్పేవాడు. ఆ కదలిక ఇచ్చామని వాళ్లలో చాలామందికి తెలియనే లేదు. గుర్రానికి అందే సంకేతం ఏమిటో తనకు తెలిసిపోయాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా పూర్తిగా ఆపుకోలేకపోయాడు. విద్యార్థులు దీన్ని గుర్తు పెట్టుకోవాలి. నిజాయితీ ఉంటే చాలు, పక్షపాతం దరికి రాదని అనుకుంటాం. అది చాలదు. పోల్చే గుంపుల్లో ఎవరు ఎందులో ఉన్నారో కొలిచేవాడికి తెలియకుండా చేయడమే దారి.

రాబర్ట్ రోసెంథాల్, కెర్మిట్ ఫోడ్ 1963లో ప్రచురించిన ప్రయోగమూ ఇదే చెప్పింది. 12 మంది విద్యార్థులకు ఎలుకలిచ్చారు. మీవి చిక్కుదారులు త్వరగా నేర్చే జాతివని కొందరికి, నెమ్మదిగా నేర్చే జాతివని మిగతావారికి చెప్పారు. నిజానికి అవన్నీ మామూలు ఎలుకలే. అయినా తెలివైనవని చెప్పినవే బాగా నేర్చుకున్నట్టు లెక్క తేలింది.

ఇక ఎవరిని ఏ గుంపులో వేయాలి? మనం ఎంచుకుంటే మన ఇష్టం అందులో చేరుతుంది. వాళ్లను ఎంచుకోమంటే, ఆసక్తి ఉన్నవాళ్లంతా ఒక పక్కకు పోగవుతారు. అందుకే చీటీలు వేయాలి. 1880లలో అమెరికాలో చార్లెస్ పియర్స్, జోసెఫ్ జాస్ట్రో అతి స్వల్ప బరువు తేడాలను మనిషి పసిగట్టగలడా అని పరీక్షించినప్పుడు, ఏ బరువు ముందు రావాలో పేకముక్కలు కలిపి నిర్ణయించారు. తర్వాత 1935లో రొనాల్డ్ ఫిషర్ ప్రయోగ రూపకల్పనపై రాసిన పుస్తకంలో ఈ పద్ధతికి గణిత పునాది కనబడుతుంది. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ ఉదాహరణ అందులో ప్రసిద్ధం. 8 కప్పుల్లో 4 ఒక రకం, 4 ఇంకో రకం. ఊరికే ఊహిస్తే అన్నీ సరిగ్గా చెప్పగలిగే అవకాశం 70లో 1. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవాడు. ఆయన రూపొందించిన ఆర్తోగోనల్ ఎరేలు అనే పట్టికలను ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగాల రూపకల్పనలో వాడుతున్నారు.

మన చదువులకు దగ్గరగా ఉన్న ఒక ప్రయోగాన్ని కాస్త వివరంగా చెబుతాను. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రచురించారు. చదివిందే మళ్లీ చదవడం మేలా, పుస్తకం మూసి గుర్తున్నది రాసుకోవడం మేలా అన్నది వాళ్ల ప్రశ్న. 120 మంది కాలేజీ విద్యార్థులు. రెండు చిన్న వ్యాసాలు, ఒకటి సూర్యుడి మీద, ఒకటి సముద్రపు నీటికుక్కల మీద. ప్రతి విద్యార్థీ ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివాడు. రెండోదాన్ని ఒకసారి చదివి, గుర్తున్నంత రాశాడు. సూర్యుడి వ్యాసమే తేలికైనదైతే? అందుకే కొందరు దాన్ని మళ్లీ చదివారు, కొందరు గుర్తుతెచ్చుకుని రాశారు. ఏ పద్ధతి ముందు, ఏది వెనక అన్నదీ అలాగే మార్చారు. వ్యాసం వల్ల గానీ వరుస వల్ల గానీ వచ్చే తేడా రెండు వైపులా సమానంగా పడి, పద్ధతి తేడా ఒక్కటే మిగులుతుంది.

తుది పరీక్ష కొందరికి 5 నిమిషాలకే పెట్టారు. మళ్లీ చదివిన వ్యాసంలో 81 శాతం, రాసుకున్న వ్యాసంలో 75 శాతం గుర్తుంది. ప్రయోగం అక్కడే ముగిస్తే, మళ్లీ చదవడమే గెలిచిందని రాసేవాళ్లం. వారం తర్వాత పరీక్ష రాసినవారిలో లెక్క తిరగబడింది. మళ్లీ చదివినదానికి 42, రాసుకున్నదానికి 56. ఎప్పుడు కొలుస్తామన్నది కూడా రూపకల్పనలో భాగమే. దాన్ని ఫలితం చూశాక నిర్ణయించుకోకూడదు, ముందే కాగితం మీద పెట్టాలి.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణముంది. 2015లో కొందరు పరిశోధకులు కలిసి, పేరున్న మనోవిజ్ఞాన పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదట 97 శాతం అధ్యయనాల్లో సాంఖ్యకశాస్త్రం ఒప్పే ఫలితం వచ్చింది. రెండోసారి అది 36 శాతంలోనే వచ్చింది. ఈ తేడా అంతా మోసం వల్ల వచ్చిందనుకోవడం అన్యాయం. తక్కువ మందిని తీసుకోవడం, ఫలితం చూశాక పరికల్పన మార్చుకోవడం, తేడా రాని ప్రయోగాలను బీరువాలో పెట్టేయడం, ఇలాంటివన్నీ కలిసే పని చేశాయి.

అందుకే మన మనోవిజ్ఞాన విభాగం విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. పరీక్షల ముందు మన ఇంటర్మీడియెట్ పిల్లలు చదివిందే చదివి బట్టీ పెడతారు. రోడిగర్, కార్పికీల ప్రయోగాన్ని తెలుగు మాధ్యమం పిల్లలతో, తెలుగు వ్యాసాలతో ఇక్కడ చేయండి. పిల్లలకూ తల్లిదండ్రులకూ ముందే విషయం చెప్పి అంగీకారం తీసుకోండి. ఎంతమందిని తీసుకుంటారో, వారం తర్వాతా నెల తర్వాతా ఎప్పుడు కొలుస్తారో రాసి, తేదీ వేసి విభాగాధిపతికి ఇవ్వండి. ఎవరికి ఏ వ్యాసం, ఏ పద్ధతి అన్నది చీటీలు తీసి నిర్ణయించండి. జవాబుపత్రాలు దిద్దేవాళ్లకు అది ఏ పద్ధతిలో చదివిన పిల్లవాడిదో తెలియనివ్వకండి. తేడా వచ్చినా రాకపోయినా నివేదికను లైబ్రరీలో పెట్టండి. పక్క కాలేజీవాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేయాలంటే, మీరు వాడిన వ్యాసాలూ మార్కులు వేసిన పద్ధతీ వాళ్ల చేతికి అందాలి.