డబ్బా చప్పుడు

పిల్లలూ, ఇవాళ మీకు నర్సు పట్టాలిచ్చారు, నాకు శాలువా కప్పారు, సంతోషం. ఈ ఎండలో ఎంతసేపు కప్పుకుని ఉండాలో కూడా చెబితే ఇంకా సంతోషం. సేవ గురించి, త్యాగం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు బాగా చెప్పారు. నేను మళ్లీ ఎత్తుకోను.

నేను ముప్పై నాలుగేళ్లు సర్కారు దవాఖానల్లో నర్సుగా చేశాను. అందులో చివరి పదహారేళ్లు ఏఆర్‌టీ సెంటర్‌లోనే. అంటే హెచ్‌ఐవీకి మందులిచ్చే చోటు. మీలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పిల్లలే ఎక్కువని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. నేను కొలువులో చేరినప్పుడు ఈ మూడూ మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోవే. 2016లో మూడూ జిల్లాలయ్యాయి. బోర్డులు మారాయి గానీ అలంపూర్ చౌరస్తాలో కర్నూలు బస్సు కోసం నిలబడే మనిషి మారలేదు. చేతిలో గుడ్డసంచి. సంచిలో మందుల లెక్క రాసే పచ్చ పుస్తకం. దాని మీద మడత పెట్టిన తువ్వాలు. తువ్వాలు కింద మందుల డబ్బా. నేను మాట్లాడదామని వచ్చింది ఆ డబ్బా గురించే.

ఒక్కో డబ్బాలో ముప్పై గోలీలు. నడిస్తే గలగలమంటుంది. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి పోయే ఒకామె, ఒక నెల గోలీలన్నీ కాగితం పొట్లంలో కట్టుకుని డబ్బాను మా ఆవరణలోనే పారేసి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి సగం గోలీలు చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుపోయాయి. నేను కోప్పడ్డాను. ఆమె నెమ్మదిగా చెప్పింది: "నర్సమ్మా, ఆటోల కూసుంటే గలగలమంటది. పక్కన కూసున్నోళ్లు ఏం గోలీలే గివి అని అడుగుతరు. ఏం జెప్పాలె?"

డబ్బాలో గోలీలతో పాటు ఉండే చిన్న పొట్లం చెమ్మ పీల్చడానికని, గోలీలను డబ్బా మార్చకూడదని మాకు ట్రైనింగ్‌లో నేర్పారు. డబ్బా చప్పుడు చేస్తుందని ఎవరూ నేర్పలేదు. ఆ రోజు డ్రెస్సింగ్ ట్రాలీ మీంచి శుభ్రమైన దూది ఇంత తీసి డబ్బాలో కుక్కి, ఆమె చెవి దగ్గర ఊపాను. చప్పుడు లేదు. ఆమె నవ్వింది. నా సర్వీసు మొత్తంలో నేను కనిపెట్టిన వైద్యం అదొక్కటే.

పాత సంగతులు కొన్ని చెప్పాలి. మన దేశంలో ఈ వైరస్ మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్ బృందం కనుక్కుంది. 2004 ఏప్రిల్ 1న కేంద్రం ఉచితంగా మందులివ్వడం మొదలుపెట్టింది. ఎక్కువ కేసులున్న ఆరు రాష్ట్రాల్లో, ఢిల్లీలో ముందు మొదలైంది. ఆ ఆరింటిలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు అందరికీ ఇచ్చేవాళ్లు కాదు. రోగం బాగా ముదరాలి, లేదా సీడీ4 కణాలు 200 కంటే తగ్గాలి, అప్పుడే మందు. "ఇంకా నీకు రోగం ముదరలేదు, ముదిరినంక రా" అని మనిషి ముఖం మీద చెప్పిన నోరు ఇది. 2017లో ఇలాంటి షరతులు పూర్తిగా పోయాయి. ఇప్పుడు పరీక్షలో తేలితే చాలు, మందు మొదలుపెట్టాల్సిందే.

ఆ తొలి మందుల గురించి మీకు పుస్తకంలో రెండు లైన్లుంటాయి. నాకు ముఖాలు గుర్తున్నాయి. స్టావుడిన్ వాడినవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ బుగ్గలు లోపలికి పోయేవి, అరికాళ్లు మండేవి. ఊళ్లో బుగ్గలు చూసి గుర్తుపట్టేవాళ్లు. జిడోవుడిన్ ఇస్తే కొందరికి రక్తం పడిపోయేది. తర్వాత ఎఫవిరెంజ్ ఉన్న గోలీ వచ్చింది. రాత్రి వేసుకుంటే పిచ్చి పిచ్చి కలలు. "సిస్టర్, రాత్రంతా చచ్చిపోయిన మా నాయన తోని పత్తి ఏరిన" అని ఒకాయన లబోదిబోమన్నాడు. 2020 నుంచి మనం ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒక్క గోలీ. రోజుకొక్కటి. తిన్నాక వేసుకోవచ్చు, తినకముందూ వేసుకోవచ్చు. శనివారం ఒక్కపొద్దున్నవాళ్లకూ, రోజా పట్టేవాళ్లకూ ఇబ్బంది లేదు. నిద్ర పట్టడం లేదంటే పొద్దునకు మార్చండి. వేళ ఏదైనా మీరు నిర్ణయించకండి, వాళ్లనే అడగండి. పొద్దున్నే చేనుకు పోయే మనిషికి "తొమ్మిదింటికి వేసుకో" అని రాసిచ్చాను నేనొకప్పుడు. తొమ్మిదింటికి ఆమె పది మంది కూలీల మధ్య ఉంటుందన్న ఇంగితం నాకుండొద్దూ?

ఒకటి మాత్రం గట్టిగా చెప్పండి. గర్భిణికి మనమే ఐరన్, కాల్షియం బిళ్లలిస్తాం. పరగడుపున వాటితో కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో వేసుకుంటే కలిపి వేసుకోవచ్చు, లేదంటే ఈ గోలీ రెండు గంటల ముందు, లేదా ఆరు గంటల తర్వాత. కడుపు మంటకు తాగే జెలుసిల్ లాంటి మందులను అన్నంతోనైనా కలపొద్దు, వాటికి ఆ ఎడం ఉండాల్సిందే. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, టీబీ మందులు మొదలైతే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఒక పూట మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు మింగకూడదు. ఇవన్నీ ఒక్క రోజే చెప్పేయకండి. భయంతో కూర్చున్న మనిషికి ఒక రోజు రెండు మాటల కంటే తలకెక్కవు.

ఇప్పుడు నా అసలు బెంగ. దీన్ని తలుచుకుంటే నాకు ఈ రోజుకీ సరిగా నిద్ర పట్టదు. మందు గోలీ మంచిదే, ఉచితమే, దగ్గర్లోనే దొరుకుతుంది. అయినా మనిషి మానేస్తాడు. ఎందుకు?

మా గొంతు వల్ల.

ఏఆర్‌టీలో చేరిన కొత్తలో, సోమవారం, వరండా నిండా జనం. ఒకాయన వంతు వచ్చింది. నేను లోపలి నుంచి పేరు, ఊరు, తండ్రి పేరు, మూడూ కలిపి కేకేశాను. జనంలో వాళ్ల ఊరి మనిషి ఇంకొకరున్నారు, వేరే పని మీద వచ్చారు. నేను పిలిచినాయన లేవలేదు. మళ్లీ అరిచాను. సంచి చంకన పెట్టుకుని గేటు వైపు నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే నంబరు లేదు. ఎనిమిది నెలల తర్వాత ఆయన భార్య ఒక్కతే వచ్చింది. నేనేమీ అడగలేదు, ఆమె బొట్టు లేని నుదురు చూశాక అడగడానికేముంది? తన మందులు తీసుకుని వెళ్లింది. నా మీద కోపం కూడా చూపించలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

2018 సెప్టెంబర్ నుంచి మన దేశంలో హెచ్‌ఐవీ చట్టం అమల్లో ఉంది. రోగి అనుమతి లేకుండా ఆ సంగతి బయట పెట్టకూడదు. చట్టం ఉందని చెప్పడం తేలిక. కేస్ షీటు మీద ఎర్ర ఇంకుతో గుండ్రంగా సున్నా చుట్టే అలవాటు మాత్రం నేను రిటైరయ్యేదాకా ఏదో ఒక వార్డులో చూస్తూనే ఉన్నాను. మంచం చివర అట్ట తగిలించడం, "ఆ పేషెంటు" అని కళ్లతో చూపించుకోవడం. అమ్మాయిలూ, మీ కళ్లు చాలా మాట్లాడతాయి. ఈ ఒక్క విషయంలో కాస్త తగ్గించండి. అబ్బాయిలూ, నవ్వకండి. మీరు ఫోన్‌లో వార్డు ఫొటోలు పెట్టే రకం, మీ సంగతి ఇంకా దారుణం.

మన పాలమూరు వలసలు మీకు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఇళ్లలో బొంబాయి, పూణే, బెంగళూరు కథలుంటాయి. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చాక రేపే బండెక్కాలంటాడు. అలాంటివాళ్లు వస్తే "నెలనెలా రావాలె" అని పాఠం చదవకండి. ఆరోగ్యం కుదురుగా ఉన్నవాళ్లకు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చే ఏర్పాటుంది, డాక్టరుతో మాట్లాడి ఇప్పించండి. అక్కడే ఉండిపోతే ఆ ఊరి సెంటర్‌కు బదిలీ చేయించుకోవచ్చని చెప్పండి. పచ్చ పుస్తకం సంచిలో పెట్టుకున్నారో లేదో పోయే ముందు ఒకసారి అడగండి. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరు వాళ్ల ఫోన్‌లో మీరే ఎక్కించండి, వాళ్ల పిల్లల పేరు పెట్టి ఎక్కిస్తే ఇంకా మంచిది.

రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడు పరీక్ష, మందు మొదలైన తొలి ఏడాది దాటాక, ఏడాదికోసారి. రిపోర్టు బాగుంటే సంతోషంగా చెప్పండి, అది సంతోషించాల్సిన సంగతే. వైరస్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలబడితే కాపురంలో భార్యకో భర్తకో సోకదు. ఈ మాట విని ఒక మగ్గం నేసే ఆయన కుర్చీలోనే ఏడ్చాడు. ఆరేళ్లుగా భార్య పక్కన పడుకోలేదట. ఆరేళ్లు! మేం ఆయనకు గోలీలు లెక్కపెట్టి ఇచ్చాం గానీ ఈ ఒక్క మాట చెప్పలేదు.

మీ ఒంటి సంగతీ చూసుకోండి. వాడిన సూదికి మూత పెట్టకండి. గుచ్చుకుంటే వేలు పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వాడిన సూదైనా వెయ్యి మందిలో ముగ్గురికే సోకే అవకాశం. అయినా 72 గంటల లోపు, వీలైతే రెండు గంటల్లోనే, నివారణ మందు మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. సిగ్గుపడి దాచేవాళ్లను నేను చూశాను. చేతిలో పట్టా పట్టుకున్న మీకే ఇంత సిగ్గుంటే సంచిలో డబ్బా దాచుకునే ఆమెకు ఎంతుండాలి?

ఇంకొక్కటి చెప్పి శాలువా తీసేస్తాను. నాలుగు నెలలు రాని మనిషి ఒక రోజు వస్తాడు. ఎండకు వాడిపోయి, చెప్పులు చేతిలో పట్టుకుని, తలుపు దగ్గరే నిలబడతాడు. రిజిస్టరు చూడకముందే మీ నోట్లో ఒక ప్రశ్న తయారుగా ఉంటుంది, "ఇన్నాళ్లు ఎక్కడ పోయినవ్?" అని. దాన్ని మింగండి. కుర్చీ చూపించండి, మంచినీళ్లివ్వండి. బస్సు దొరికిందా అనండి, అన్నం తిన్నవా అనండి. కాసేపటికి ఆయనే చెబుతాడు.